చెల్లి పలక

దగ్గరికి జరుగు తల్లీ. అంత దూరాన కూచుంటే నా గొంతు అందదు, ఈ భాగం గొంతు పెంచి చెప్పేది కూడా కాదు. నువ్వూ రా నాయనా, ఆ దిండు ఇలా లాక్కుని పడుకో. కళ్ళు మూసుకున్నా ఫరవాలేదు గాని చెవులు మాత్రం తెరిచి ఉంచు.

పోయినవారం ఎక్కడ ఆపాం? లాంచీ మునిగిన దగ్గర. మా షెడ్డులో కట్టిన లాంచీ అది. నది సముద్రంలో కలిసేచోట, గాలి కూడా లేని పూట, నిండా జనంతో పోతూ పోతూ ఇంజను గది పక్కన చీలి నీళ్ళు మింగేసింది. ఐదుగురు పోయారు. వాళ్ళలో టిక్కెట్లు కోసే అబ్బాయి ఒకడు. ఈత రాక కాదు వాడు పోయింది. పిల్లల్ని ఒడ్డుకు చేర్చి, ఇంకెవరైనా ఉన్నారేమోనని వెనక్కి వెళ్ళి, ఇక రాలేదు.

ఊళ్ళో అందరిదీ ఒకటే మాట, అతుకు ఊడిందని. ఆ లాంచీకి అతుకులన్నీ వేసినవాడు మా మరిది. పోలీసులు తీసుకెళ్ళి, నానా ప్రశ్నలూ అడిగి, పడవల్ని తనిఖీ చేసే సర్వేయరు వచ్చి చూసేదాకా ఇల్లు కదలొద్దని చెప్పి వదిలారు. అతుకులో తప్పు తేలితే జైలే. ఆ మాట మాకు దాచకుండానే చెప్పారు.

మరిది అప్పట్నించీ షెడ్డు వెనక పనిముట్ల గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను కంచం పెట్టడం, అది అలాగే తిరిగి రావడం. ఒకసారి తలుపు సందులోంచి చూశాను. పడుకునే ఉన్నాడు గాని కుడిచెయ్యి మాత్రం గోడమీద మెల్లగా, ఒకే తీరుగా జరుగుతోంది. ముందు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, ఆ లాంచీకి వేసిన అతుకులన్నీ మళ్ళీ వేసుకుంటున్నాడు. అడుగుభాగం నించి మొదలుపెట్టి ఒక్కో గీతా గోడమీద వెల్డింగు చేసుకుంటూ వస్తున్నాడు, ఎక్కడ చెయ్యి తప్పిందో దొరుకుతుందేమోనని.

"వదినా, ఇంజను దగ్గర పలక నువ్వే కదా రుద్దావు, తడి ఏమైనా మిగిలిందా?" అన్నాడు, తిరక్కుండానే.

"లేదయ్యా."

"నాకూ గుర్తులేదు, తడి ఉన్నట్టు" అని మళ్ళీ చెయ్యి కదిపాడు.

మా షెడ్డులో అది ఆడవాళ్ళ పని. అల్యూమినియం పలకమీద కంటికి ఆనని పొర ఒకటి ఉంటుంది, దాన్ని తీగల బ్రష్షుతో రుద్ది, మందుతో తుడిస్తేగాని అతుకు పట్టదు. నేనూ మా తోడికోడలూ ముక్కులకి కొంగు కట్టుకుని పొద్దస్తమానం రుద్దేవాళ్ళం. కాబట్టి అతుకు ఊడిందని ఎవరన్నా అంటే మా ఇద్దరి చేతులూ అందులో ఉన్నట్టే.

ఇక ఆ రోజు సంగతి.

సర్వేయరు ఆడమనిషి. కళ్ళజోడుకి తాడు కట్టి మెడలో వేసుకుంది. బూట్లకి మోకాళ్ళదాకా బురద. క్రేనుతో పైకి తీసిన లాంచీ పక్కభాగంలోంచి పెద్ద ముక్క కోయించి జీపు వెనక ట్రాలీలో తెచ్చింది. నలుగురు మోసి బల్లమీద పెడితే షెడ్డంతా బురదవాసన. ఒక మూలన చీలిక, నోరు తెరిచినట్టు.

బయట గేటు అవతల జనం. పోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళు. అరుపుల్లేవు, తిట్లు లేవు, ఊరికే నిలబడ్డారు. టిక్కెట్లబ్బాయి వాళ్ళమ్మ గేటు ఊచ పట్టుకుని పొద్దున్నించీ అక్కడే ఉంది. మంచినీళ్ళు పట్టుకెళ్తే నా మొహంలోకి చూసింది, తీసుకోలేదు.

షెడ్డుకి పెద్దమేస్త్రి మా మామగారే, ఆయన సర్వేయరుకి కుర్చీ వేశారు. ఆవిడ కూచోలేదు.

"మేస్త్రిగారూ, ముందు మీ పలకలు చూపించండి. లాంచీలో ఏవేవి ఎక్కడ వాడారో చెప్పండి."

ఆ మాట అడిగితే చాలు, మామగారికి ప్రాణం లేచొస్తుంది. అంత విచారంలోనూ నడుం నిటారుగా చేసుకుని గోడవారకి తీసుకెళ్ళారు. అక్కడ పలకలు రెండు వరసల్లో నిలబెట్టి ఉంటాయి, మధ్యలో చెక్కలు.

"ఇటువైపుది అన్న. అటువైపుది చెల్లి."

"చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి."

"కవలపిల్లలు పక్కింటివాళ్ళకి అలాగే కనపడతారమ్మా. కన్నవాళ్ళకి తెలుస్తుంది" అని చెల్లిపలక ముక్క ఒకటి తీసి బల్లకున్న ఇనపదవడల వైసులో బిగించారు. సుత్తితో నాలుగు దెబ్బలు వేసేసరికి చీర మడతపెట్టినట్టు మడతపడింది, గీత కూడా పడలేదు. తర్వాత అన్నపలక ముక్క బిగించారు. అది కొట్టినకొద్దీ వెనక్కి తంతుంది. చెమటలు పట్టేదాకా కొడితే ఏదో మర్యాదకి కొంచెం వంగింది.

"దీన్ని ఎంతవరకు వంచొచ్చో దీన్నే అడిగి వంచాలి" అన్నారు మామగారు.

"ఇంట్లోనూ అంతేలెండి" అని మా తోడికోడలు నా వెనకనించి గొణిగింది. మా తోడికోడలు నోరు నీకు తెలుసుగా. ఇల్లు కాలిపోతున్నా ఒక విసురు విసిరిగాని నీళ్ళబిందె అందుకోదు.

సర్వేయరు నవ్వలేదు, కోప్పడనూ లేదు. "చెల్లిని ఎక్కడ వాడతారు?" అంది.

"డ్రైవరు గదికి, బెంచీల కింద పెట్టెలకి, నూనె ట్యాంకులకి, లారీవాళ్ళు అడిగితే వాళ్ళ డబ్బాలకి. వంపులెక్కువ ఉన్నచోట చెల్లే కావాలి. అన్న అయితే అడుగుకి, పక్కలకి, ఉప్పునీళ్ళు తగిలే ప్రతి చోటుకీ. ఈ షెడ్డులో ఒకటే కట్టడి అమ్మా. చెల్లిని నీళ్ళలోకి దింపకూడదు."

ఆ కట్టడి ఊరికే పుట్టలేదులే. మామగారు వయసులో ఉండగా వేరేచోట పనిచేసేవారు. అక్కడ యజమాని చవకగా వస్తుందని మెత్తపలకతో పడవ కట్టించాడట. అది రాయి తగిలి గుడ్డలా చినిగిపోయింది. అందులో ఈయన స్నేహితుడున్నాడు. అప్పట్నించీ ఆయనకి చెల్లిపలక నీళ్ళకి ఆనితే ఒళ్ళు జలదరించేది. కొత్తగా పనిలో చేరినవాడికి సుత్తి ఇవ్వకముందే ఈ మాట చెప్పేవారు.

సర్వేయరు అంతా విని బల్ల దగ్గరికి వచ్చింది. సంచీలోంచి మూడు డబ్బాలు తీసింది. చీలిక చుట్టూ రంగు గీకించి, శుభ్రం చేయించి, ఎర్రటి నీళ్ళలాంటి రంగు పూసింది. కాసేపాగి తుడిచేసింది. ఇప్పుడు తెల్లపొడి చల్లుతానంది. కంటికి కనపడని పగులు ఎక్కడున్నా దానిలో దూరిన ఎరుపు ఆ తెలుపు మీదకి ఊరి వస్తుందట.

మా తోడికోడలు నా మణికట్టు పట్టుకుంది. గాజులు గుచ్చుకుంటున్నా నేను కదల్లేదు. ఆ తెల్లపొడి మీద అతుకు గీత వెంబడి ఎరుపు వస్తే తన మొగుడు జైలుకి పోతాడు. రాకపోతే ఉంటాడు. మా అందరి కళ్ళూ ఆ వేలెడు వెడల్పు గీతమీదే.

అతుకు తెల్లగానే ఉంది. ఒక్క చుక్క రాలేదు. ఎంతసేపు చూసినా తెలుపే.

"ఇంత మంచి అతుకు నేను తక్కువ చూశాను" అంది సర్వేయరు.

మా తోడికోడలు పట్టు వదిలింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "అక్కా, అటు చూడు" అంది.

అతుకుకి జానెడు దూరంలో, ఉత్త పలకమీద ఎరుపు ఊరుతోంది. ముందు ఒక వెంట్రుకలా. దాన్నించి పాయలు, ఆ పాయల్లోంచి ఇంకా సన్నవి. నేను నా చేతులతో రుద్ది తుడిచిన పలక అది, అద్దంలా ఉండేది. చూస్తుండగానే ఆ మూలంతా నెత్తుటి నరాలు తేలినట్టయింది.

"ఇక్కడ ఏముండేది మేస్త్రిగారూ, లోపలివైపు?"

"ఇంజను పొగగొట్టం. దాని తొడుగు పక్కకి ఆనుకుని పోతుంది."

"ముట్టుకుంటే చెయ్యి కాలేదా?"

"అబ్బే, కాలేంత లేదు. చెయ్యి ఆన్చి ఉంచలేం, అంతే. వేడి టీ గ్లాసు పట్టుకున్నట్టు."

"పొద్దున్నించి సాయంత్రందాకా?"

"లాంచీ తిరిగినంతసేపూ."

సర్వేయరు ఆ ముక్కలోంచే రెండు పట్టీలు కోయించింది. ఒకటి పొగగొట్టానికి దూరంగా ఉన్న చివరినించి, రెండోది ఆ ఎర్రనరాల మూలనించి. రెండూ ఒకే పలక, ఒకే అన్న. మొదటిది వైసులో బిగిస్తే మొరాయించి, మొరాయించి వంగింది. రెండోది బిగించి మామగారి చేతికే సుత్తి ఇచ్చింది. ఆయన ఒక దెబ్బ వేశారు. బిస్కెట్టు విరిగినట్టు విరిగి కిందపడింది.

మామగారు వంగి ఆ ముక్క తీసుకుని విరిగినచోట బొటనవేలితో రాశారు. ఇసకలా రాలింది.

"ఇది నా పలక కాదు" అన్నారు.

"మీదే. మీరే చూశారుగా, ఆ చివర బాగానే ఉంది. అన్నలో బలమంతా మెగ్నీషియంది మేస్త్రిగారూ. చెల్లిలో కలిపినదానికి దాదాపు రెట్టింపు కలుపుతారు అందులో. చల్లగా ఉన్నంతకాలం అది లోహంలో కలిసిపోయి ఉంటుంది. రోజూ సన్నటి వేడి తగిలితే మాత్రం ఆ ఎక్కువైంది మెల్లిగా బయటికొచ్చి లోపలి గింజకీ గింజకీ మధ్య సందుల్లో చేరుతుంది. ఉప్పునీళ్ళు ఆ సందుల్ని తినేస్తాయి. పైకేమీ కనపడదు."

"వెల్డింగు చేస్తే అంతకు పదింతలు వేడి తగులుతుంది కదమ్మా" అన్నారు మామగారు. తగువుకి కాదు, నిజంగానే అడిగారు.

"అది వచ్చి పోతుంది. ఇది కాపురముంటుంది. చెల్లిలో మెగ్నీషియం తక్కువ గనక దానికీ బాధ లేదు. బలం తక్కువ గనక మందం పెంచి వేస్తే చాలు, ఉప్పునీళ్ళకి అదీ బాగానే ఓర్చుకుంటుంది. లాంచీ బొమ్మ గీసిన ఇంజనీరుతో నిన్న మాట్లాడాను. ఈ ఒక్క మూలకి మెత్తపలకే మందంగా వెయ్యమన్నామన్నారు. మరి ఇది ఎలా వచ్చింది ఇక్కడికి?"

మామగారు సుత్తి బల్లమీద పెట్టారు. మళ్ళీ తీసి ఇంకోచోట పెట్టారు.

"మీరు చెప్తారా మామయ్యా, నన్ను చెప్పమంటారా?" అంది మా తోడికోడలు.

"నువ్వు లోపలికి వెళ్ళమ్మా."

"వెళ్ళను. ఆ గదిలో మనిషి గోడకి అతుకులేస్తున్నాడు. తన పాపమనుకుని చచ్చిపోయేలా ఉన్నాడు. ఎవరి మాట మీద జరిగిందో మీకు తెలుసు, నాకు తెలుసు, అక్కకి తెలుసు."

నాకు తెలుసు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. మరిది ఆ మూలలో చెల్లిపలకే వేశాడు, బొమ్మలో ఉన్నట్టే. అతుకు కూడా పూర్తయింది. మామగారు భోంచేసి వచ్చి చూసి, పనివాళ్ళందరి ముందూ, "చెల్లిని నీళ్ళలోకి తోస్తావురా, నీకు నేర్పింది ఇదేనా" అని కేకలేసి, అప్పటికప్పుడు కోయించి అన్నపలక వేయించారు. బొమ్మ గీసినవాళ్ళు ఎన్నడూ పడవ ఎక్కి ఉండరన్నారు. మరిది ఒక్కమాట ఎదురు చెప్పలేదు. ఆ సాయంత్రం అన్నం దగ్గర కూడా తలెత్తలేదు. మాకెవరికీ అది తప్పనిపించలేదు తల్లీ, బలమైంది వేశారనే అనుకున్నాం.

మా తోడికోడలు ఇదంతా చెప్పేసింది. సర్వేయరు విని తలూపింది.

"కట్టాక మీ ఆఫీసువాళ్ళు వచ్చి చూసి సంతకం పెట్టారు కదమ్మా" అని మా తోడికోడలు ఆవిణ్ణీ వదల్లేదు.

"పెట్టారు. చూడకుండా పెట్టారు. అదీ రాస్తాను" అంది సర్వేయరు. "ఈ ముక్కల్ని ఆమ్లంలో నానబెట్టి తూకం వేస్తారు, ఎంత తరిగిందో చూసి ఖాయం చేస్తారు. కాని నాకు అనుమానం లేదు."

మామగారు ఆ విరిగిన ముక్క గుప్పిట్లో పట్టుకునే పనిముట్ల గదివైపు నడిచారు. మేం వెనకే వెళ్ళాం. తలుపు తోసి, కొడుకు పక్కన నేలమీద కూచున్నారు. ఆయన కొడుకుల పక్కన నేలమీద కూచోగా నేనెన్నడూ చూడలేదు.

"ఒరేయ్. అతుకు ఊడలేదురా."

గోడమీద చెయ్యి ఆగింది.

"పలక పోయింది. నేను మార్పించిన పలక. నీది బాగుంది, నువ్వు మొదట వేసిందే ఉంచి ఉంటే వాళ్ళంతా..." ముక్క కొడుకు చేతిలో పెట్టారు.

మరిది ఇటు తిరిగి లేచి కూచున్నాడు. గడ్డం మాసి, కళ్ళు లోపలికి పోయి, వేరే మనిషిలా ఉన్నాడు. ఆ ముక్కని వేళ్ళతో చిదిమి చూశాడు. నా తప్పు కాదని మొహం విప్పారుతుందేమో, కనీసం తండ్రిని ఒక మాట అంటాడేమోనని చూశాను. రెండూ లేవు.

"ఎగువ రేవు లాంచీ నాన్నా" అన్నాడు.

మామగారు చటుక్కున లేచి నిలబడ్డారు.

"ఏ లాంచీ?" అంది గుమ్మంలోంచి సర్వేయరు.

"దీని తర్వాత కట్టాం. అదే బొమ్మ. ఈసారి నాన్న చెప్పకముందే నేనే ఆ మూలకి అన్నపలక వేశాను, మళ్ళీ తిడతారని. అది ఇప్పుడు తిరుగుతోంది. ఇది మునిగాక దీని జనం కూడా దాంట్లోకే వస్తున్నారు. రెట్టింపు బరువు, ఇంజను ఎప్పుడూ వేడిగానే ఉంటుంది."

సర్వేయరు షెడ్డులో ఫోను దగ్గరికి పరుగెత్తింది. ఎగువ రేవు గుమస్తా ఎత్తాడు. లాంచీ ఇప్పుడే బయల్దేరిందమ్మా, కాలు పెట్టే సందు లేదన్నాడు. నీళ్ళమీద ఉన్నవాళ్ళకి కబురందించే దారి లేదు. రోడ్డున పోతే మధ్యలో పాత రేవు ఒకటి ఉంది. లాంచీ అక్కడికి రాకముందే చేరి, ఒడ్డునించి గుడ్డ ఊపి ఆపించాలి.

"నేను వస్తాను. ఎక్కడ చూడాలో నాకు తెలుసు" అని మరిది జీపెక్కాడు. ఎన్ని పూటలయిందో తిని, ఎక్కుతూనే తూలాడు.

గేటు దగ్గర జీపు ఆగిపోయింది. మరిది కనపడగానే అప్పటిదాకా ఊరికే నిలబడ్డ జనం ఒక్కసారి కదిలారు. పారిపోతున్నాడనుకున్నారు. సర్వేయరు హారను కొడుతోంది, ఎవరూ తప్పుకోవడం లేదు. ఒకాయన బానెట్టు మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

మామగారు అప్పుడు నడుచుకుంటూ వెళ్ళి జీపుకీ జనానికీ మధ్య నిలబడ్డారు. చెప్పులు లేవు. తలపాగా షెడ్డులోనే పడిపోయింది.

"వాణ్ణి పోనివ్వండి. వాడి అతుకు ఊడలేదు. తప్పు పలక వేయించింది నేను. వాడు సరిగా వేస్తే కోయించింది నేను. మీ పిల్లల్ని నేనే చంపాను. అలాంటి పలకే ఎగువ రేవు లాంచీకి కూడా ఉంది, అది నిండా జనంతో వస్తోంది. వాణ్ణి పోనిచ్చి నన్ను పట్టుకోండి."

ఎవరో ఆయన చొక్కా పట్టుకున్నారు. చిరిగిన చప్పుడు నాకు వినపడింది. ఆయన చేతులు పైకి లేపలేదు, పక్కన వేలాడేసుకునే నిలబడ్డారు. నేనూ మా తోడికోడలూ ముందుకి తోసుకెళ్ళబోతే దారి దొరకలేదు.

అప్పుడు టిక్కెట్లబ్బాయి వాళ్ళమ్మ గేటు ఊచ వదిలింది. జనం ఆమెకి పక్కకి తప్పుకున్నారు. ఆమె మామగారి మొహంలోకి కూడా చూడలేదు. బానెట్టు మీద చేతులు పెట్టినాయన్ని భుజం పట్టి పక్కకి జరిపింది. జీపు వెనక తలుపు తీసింది. అక్కడ మా మరిది ఉన్నాడు, పొద్దున్నించీ ఎవడి కోసం ఆమె ఆ గేటు దగ్గర కాసుకుని ఉందో ఆ మనిషి.

"జరుగు" అంది.

మరిది జరిగాడు.

"ఆ లాంచీ నడిపేది నా రెండోవాడు" అంది. "పోనియ్యండి."

జీపు కదిలింది. వెనకనించి మామగారిని ఎవరో కిందకి తోశారు. నేను అటు చూడాలా ఇటు చూడాలా తెలీక దుమ్ములో నిలబడిపోయాను.

జీపు ఆ లాంచీని అందుకుందో లేదో వచ్చేవారం చెప్తాను, ఈ భాగం మాత్రం బాగా గుర్తుపెట్టుకో తల్లీ. నాయనా, నువ్వు కూడా. రేపు మీ పిల్లలకి చెప్పేటప్పుడు అటూ ఇటూ చెయ్యొద్దు. ఊళ్ళో ఇప్పటికీ అతుకు ఊడిందనే చెప్పుకుంటున్నారు. మీరు మాత్రం మా మరిది అతుకు ఊడలేదని ముందు చెప్పండి, ఆ తల్లి జీపెక్కిందని చెప్పండి, మిగతాది ఆ తర్వాత.